రేడియోలో ఉలిగమ్మ

ఉలిగమ్మ చనిపోయి పదకొండు నెలలు నిండాక, ఒక ఆదివారం పొద్దుగూకే వేళ, ఆమె గొంతు రేడియోలో వచ్చింది. ఆ గొంతును అందరికంటే ముందు గుర్తుపట్టింది ఆమె మొగుడు మారప్ప. గుర్తుపట్టి నోరు మూసుకొని కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో! అలా కూర్చోలేకపోయాడు. పంచాయతీ ఆఫీసు ముందు దిగ్గున లేచి నిలబడి, "మా ఉలిగి! మా ఉలిగి పాడతాంది! రాండప్పా, అందరూ రాండి!" అని ఊరంతా వినేటట్టు కేక పెట్టాడు. ఎసట్లో బియ్యం పోయబోతున్న ఆడవాళ్ళు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చారు. తన కొంపకు తానే నిప్పు పెట్టుకుంటున్నానని ఆ మనిషికి అప్పుడేం తెలుసు?

మారప్పది పెనుకొండకు మూడు మైళ్ళ దూరంలో ఒక మెట్ట పల్లె. నలభై గొర్రెలు, వాన మనసు పడితే వేరుశనగ పండే రెండెకరాలు, ధర్మవరంలో ఇచ్చిన ఒక్కగానొక్క కూతురు పుట్టమ్మ, ఇవీ అతని సంపద. వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది పాట. అతనూ ఉలిగమ్మా తత్వాలోళ్ళు. కొండ కింద రెండు గదుల రాతి కొట్టమే వాళ్ళ మఠం, అందులో పోతులయ్య అనే గురువు ఉండేవాడు. ఒకప్పుడు కుండలు చేసి బతికినవాడు. అమావాస్య నాడు పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాతిక ముప్పై మంది అక్కడ చేరి, తంబురా మీటుతూ, చిరుతలు కొడుతూ, ఈ శరీరం ఎవరిది, ఈ ఊపిరి ఎవరిచ్చింది అని పాడుకునేవాళ్ళు. ఆయన దగ్గర బోధ తీసుకున్నవాళ్ళంతా ఒక తల్లి బిడ్డల కింద లెక్క. ఏ కులం వాడైనా ఒకే వరసలో కూర్చోవాలి, ఒకే బానలో సంగటి తినాలి. ఆడవాళ్ళు మగవాళ్ళతో సమంగా గొంతెత్తి పాడాలి.

ఇంతకంటే ఏం కావాలి, ఊళ్ళో నోళ్ళు ఆడటానికి? తలుపులేసుకొని ఏం చేస్తారో అని ఒకరు, గంజాయి తాగుతారని ఒకరు, ఆడవాళ్ళను చెడగొడతారని ఒకరు. గంజాయి తాగేవాళ్ళు ఇద్దరున్న మాట నిజమే, లేదంటే అబద్ధమవుతుంది. పోతులయ్యకు మాత్రం చుట్ట వాసన కూడా పడదు. ఆ సంగతి ఎవరికి కావాలి?

వాళ్ళ నియమాల్లోకెల్లా జనానికి మింగుడుపడనిది చావు నియమం. తత్వాలోళ్ళలో ఎవరు పోయినా ఏడవకూడదు. శవాన్ని పడుకోబెట్టరు. గోడకానించి కూర్చోబెట్టి, నొసట విభూతి పెట్టి, చుట్టూ చేరి పాడతారు. కూర్చోబెట్టే పూడుస్తారు. పోయేవాళ్ళ దోవ మన కన్నీళ్ళతో తడిస్తే వాళ్ళ కాళ్ళు జారతాయని వాళ్ళ నమ్మకం.

ఉలిగమ్మకు కామెర్లు వచ్చాయి. కళ్ళూ గోళ్ళూ పచ్చబడ్డాయి. పోతులయ్య ఏదో ఆకు నూరి పసరు ఇచ్చాడు. అనంతపురం పెద్దాసుపత్రికి పోదామని మారప్ప రెండుసార్లు అన్నాడు. "ఆ బస్సు కుదుపుకే చస్తా. పసరు చాల్లే, తగ్గుతాది," అంది ఆమె. అతను మళ్ళీ అడగలేదు. తొమ్మిదో రోజు తెల్లవారి అతని చేత్తో పసరు తాగి, రెండు గుటకలు రాగిగంజి తాగి, "పాట మధ్యలో ఆపగాకు, నువ్వు ఆపితే నేను ఆగిపోతా," అని మాట తీసుకొని పోయింది.

కబురందుకొని పుట్టమ్మ మధ్యాహ్నం పాసింజరులో వచ్చింది. వాకిట్లోకి అడుగు పెట్టేసరికి అమ్మ గోడకానుకొని కూర్చుని ఉంది. పక్కనే నాయన తంబురా ఒళ్ళో పెట్టుకొని పాడుతున్నాడు. చుట్టూ ఇరవై మంది, ఒక్కరి కంటా చుక్క లేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆమెకు బోధా లేదు, నియమమూ లేదు. అమ్మ ఒడిలో పడి గుండెలు పగిలేటట్టు అరిచింది. ఇద్దరు ముసలమ్మలు మెల్లగా చేతులు పట్టుకొని, "ఏడవగాకమ్మా, దోవ తడుస్తాది," అన్నారు. పుట్టమ్మ చేతులు విదిలించుకొని నాయన వైపు తిరిగింది.

"నువ్వన్నా ఏడు నాయనా! నీ పెండ్లాం చచ్చిపాయె, నీకు ఏడుపు రాలేదా?"

మారప్ప పాట ఆపలేదు. ఆపితే ఉలిగి ఆగిపోతుంది. కూతురి ముఖం చూస్తే పాట తెగిపోతుందని తల కూడా ఎత్తలేదు. పుట్టమ్మకు గుచ్చుకున్నది అదే. ఆ సాయంత్రం బండికే మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఆమెను మళ్ళీ మాటల్లోకి దింపడానికి అతనికి పది నెలలు పట్టింది. నెలకోసారి వేయించిన వేరుశనగ బుడ్డలైనా, ఒక ముంత నెయ్యైనా పట్టుకొని ధర్మవరం రైలెక్కేవాడు. అల్లుడు హనుమంతు స్టేషను దగ్గర టీ హోటలు నడుపుతాడు. మారప్ప ఆ హోటల్లో ఒక మూల కూర్చుని, కూతురు పలకరిస్తే ఒక మాట, లేదంటే ఉత్త టీ తాగి తిరిగొచ్చేవాడు. పదో నెలలో పుట్టమ్మ తానే వచ్చి పక్కన కూర్చుంది. అతని చెయ్యి పట్టుకుంది.

"ఏడాదికి వస్తా నాయనా. అమ్మ గుంత కాడ దీపం పెడతా. ఆ పొద్దు తెలీక అరిస్తి. నీ బాధ నీకుంటాది కదా."

ఆ మాటతో మారప్ప మళ్ళీ మనిషయ్యాడు. ఇంటికొచ్చి గోడలకు సున్నం కొట్టాడు. ఏడాదికి బిడ్డ వస్తుంది, అదొక్కటే అతనికి కావలసింది. దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

ఇక ఆ రేడియో సంగతి. ఉలిగమ్మ పోవడానికి ఏడాది ముందు, హిందూపురం బెల్లం మండీలో మూటలు మోసే ఓబులేసు ఒక వార్త మోసుకొచ్చాడు. అతనూ తత్వాలోడే. రేడియో నుంచి ఒక బాబు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగాడట, పల్లెపాటలు పట్టుకుపోతాడట. పోతులయ్య, మారప్ప, ఉలిగమ్మ, ఇంకో ముగ్గురు ఉతికిన బట్టలు కట్టుకొని రైలెక్కారు. ఆ బాబు కళ్ళజోడు పెట్టుకున్న మర్యాదస్తుడు. అందరినీ కుర్చీల్లో కూర్చోమన్నాడు. పోతులయ్యకు కప్పూ సాసరులో టీ ఇచ్చాడు. ఎనభై ఏళ్ళ బతుకులో ఆయనకు సాసరు ఇచ్చినవాడు లేడు. ఆయన పొంగిపోయాడు.

ఉలిగమ్మ ఆ రోజు పాడినంత బాగా ఎప్పుడూ పాడలేదు.

"మట్టిల్లు ఇచ్చినోడు మళ్ళీ అడుగుతాడే చిలకా,
అడిగిన పూట నవ్వుతా అప్పజెప్పి పోవాలే."

పెట్టెలో రెండు చక్రాలు తిరిగాయి. బాబు వెనక్కి తిప్పి వినిపించాడు. ఉలిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "ఈమెవరో బాగానే పాడతాందే. ఏ ఊరామె?" అంది. అందరూ నవ్వారు. బాబు మాత్రం పుస్తకం తీసి అడగడం మొదలుపెట్టాడు. మీలో ఎవరైనా పోతే ఏం చేస్తారు? ఏడవరా? ఎందుకు ఏడవరు? రోగమొస్తే మందేమిటి? పోతులయ్య ఒక్కటీ దాచకుండా చెప్పాడు. బయటివాళ్ళకు చెప్పకూడదన్నవి కూడా చెప్పాడు. అంత శ్రద్ధగా అడిగినవాడు ఆయనకు జన్మలో దొరకలేదు మరి. బాబు అన్నీ రాసుకొని, "మీ పాట దేశమంతా వింటుంది," అని నమస్కారం పెట్టాడు.

ఆ రోజు నుంచి మారప్ప పంచాయతీ రేడియో వదిలింది లేదు. పల్లెపాటల వేళకు గొర్రెల్ని తోలుకొచ్చి మరీ నిలబడేవాడు. పాట రాలేదు. ఉలిగమ్మ వినకుండానే పోయింది. ఆమె పోయాక అతను ఇంకా ఎక్కువ నిలబడ్డాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు కదా, ఆ పెట్టెలో తప్ప.

ఆ ఆదివారం వచ్చింది పల్లెపాటల కార్యక్రమం కాదు. వారం వారం వచ్చే సి.ఐ.డి. నాటకం. ఆ పూట కథ పేరు 'ఏడవని వాళ్ళు'. నాటకం మొదలవుతూనే తంబురా మోగింది, దాని వెనక ఉలిగమ్మ గొంతు వచ్చింది. మారప్ప కేక విని జనం చేరారు. అతను కళ్ళు మూసుకొని చేతులు జోడించి నిలబడ్డాడు. పాట ఆగి మాటలు మొదలయ్యాక కూడా, మళ్ళీ పాడుతుందేమోనని అలాగే నిలబడ్డాడు.

కథలో కొండ కింద ఒక మఠం. తంబురా పట్టిన గురువు, గంజాయి తాగే శిష్యులు. ఒక శిష్యుడి పెళ్ళానికి పుట్టింటి ఆస్తి ఉంది. మొగుడూ గురువూ కలిసి పసరులో విషం కలిపి ఆమెకు తాపుతారు. శవాన్ని కూర్చోబెట్టి, చుట్టూ చేరి పాడుతూ పూడుస్తారు. అక్కడ మళ్ళీ ఉలిగమ్మ పాట. మారువేషంలో వచ్చిన సి.ఐ.డి. భాస్కరం అంటాడు: "భార్య శవం ముందు పాట పాడేవాడి గుండెలో ఏముంటుందో నాకు తెలుసు!" మొగుడికి బేడీలు పడతాయి. చచ్చిపోయినామె ఆత్మ శాంతించినట్టుగా చివర్న మూడోసారి అదే పాట. ఆ కళ్ళజోడు బాబుకు వీళ్ళ మీద పగేమీ లేదు. నాటకానికి మంచి సరుకు దొరికింది, వాడుకున్నాడు. పాపం అని అతనికి తట్టి కూడా ఉండదు.

నాటకం అయిపోయింది. మారప్ప కళ్ళు తెరిచేసరికి జనమంతా అతన్నే చూస్తున్నారు.

"ఆయమ్మ గొంతేనని నువ్వే చెప్తివి కదా మారప్పా," అన్నాడు పంచాయతీ ఆఫీసు దగ్గర బీడీలమ్మే వెంకటస్వామి.

"ఆయమ్మదే. హిందూపురంలో పట్టుకున్యారు. చక్రాలు తిరిగే పెట్టె ఒకటి ఉంటాదప్పా..."

"నాటకంలో వేషం కట్టేటోళ్ళు బతికుండాల కదప్పా. చచ్చి పదకొండు నెలలైనామె ఎట్ల వేషం కడతాది?"

ఊరివాళ్ళకు వేరుశనగ ధర చెప్పేది ఆ రేడియో పెట్టే. ప్రధానమంత్రి పోయినాడని చెప్పిందీ ఆ పెట్టే. అది ఏనాడూ అబద్ధం చెప్పలేదు. చచ్చినామె గొంతుతో ఆమె చావు కథ చెబుతుంటే, పసరు అంటుంటే, పాట అంటుంటే, కూర్చోబెట్టి పూడ్చారంటుంటే, ఇంక నమ్మకపోవడానికి ఏముంది? ఉలిగమ్మే వచ్చి సాక్ష్యం చెప్పిందన్నారు. చక్రాల పెట్టె సంగతి తెలిసినవాళ్ళు ఐదుగురున్నారు, కానీ ఐదుగురూ తత్వాలోళ్ళే. వాళ్ళ మాట ఎవరికి కావాలి? ఉలిగమ్మకున్న ఆస్తి రెండు చీరలూ ఒక ముక్కుపుడకా అన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

ఎవరో పెనుకొండ పోలీసు స్టేషనుకు చెప్పారు. హెడ్డు కానిస్టేబులు సైకిలు మీద వచ్చి, సంగతంతా విని, పగలబడి నవ్వాడు. "నాటకాలకు కేసులు రాసుకుంటా పోతే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు," అని, మారప్ప ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఇక్కడితో తీరిపోవాలి. తీరలేదు. "ఆ మజ్జిగలో ఏం కలిపినాడో, హెడ్డాయప్ప నవ్వుకుంటా పాయె," అన్నారు. మారప్ప గొర్రెలు బావి దగ్గరికి వస్తే తొట్టి దగ్గర జనం పక్కకు జరగడం మొదలైంది.

అతను వీటికి పెద్దగా చలించలేదు. ఊరు తిట్టడం అతనికి కొత్త కాదు. ఏడాదికి ఇంకా పన్నెండు రోజులుంది. బిడ్డ వస్తే అన్నీ అవే సర్దుకుంటాయని అనుకున్నాడు. బిడ్డకు బదులు కార్డు వచ్చింది. మారప్పకు చదువు రాదు, ఓబులేసు చదివాడు.

"మామకు హనుమంతు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మన హోటల్లో రేడియో ఉన్న సంగతి మీకు తెలుసు. ఆదివారం అందరం విన్నాము. అత్తమ్మ గొంతు వినగానే పుట్టమ్మ మూర్ఛపోయింది. అన్నం సరిగా తినడం లేదు. మా అమ్మ కూడా చాలా భయపడింది. పుట్టమ్మ ఏడాదికి రాదు. మీరు కూడా ఇప్పట్లో రావద్దు. అత్తమ్మ పోయిన పొద్దు మీరు ఎందుకు ఏడవలేదో, ఆ ఒక్క మాట రాయమని పుట్టమ్మ చెప్పింది."

ఓబులేసు కార్డు మడిచి అతని చేతిలో పెట్టాడు. తరువాత అన్నాడు: "ఏడ్చిరాపో అన్నా. అందరి ముందర ఒక్కసారి ఏడువు. నీ బిడ్డ కోసమే కదా. పోయినామె దోవ ఈపాటికి దాటేసి ఉంటాది."

మారప్పకు ఆ మాట సబబుగానే తోచింది. అయినా గురువును అడక్కుండా ఎలా? మరుసటి రోజు అమావాస్య. మఠానికి పాతిక ముప్పై మంది వచ్చే చోట నలుగురు వచ్చారు. పోతులయ్య తంబురా పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. మారప్ప చెప్పిందంతా విని లేచి కూర్చున్నాడు.

"నేనే చేస్తి మారప్పా ఇదంతా. ఆ బాబు కుర్చీ వేసి, సాసర్లో టీ పోసి అడిగితే, పెద్ద మనిషినైపోతినని అన్నీ కక్కేస్తిని. చెప్పకూడనిదంతా చెప్తి." ముసలాయన తంబురాను చేత్తో ఇంకా దూరంగా జరిపాడు. "పో నాయనా. కడుపారా ఏడ్చిరా. నేమం తప్పిన పాపం నా నెత్తిన వేసుకుంటా."

ఆ ఎనభై ఏళ్ళ మనిషి కాళ్ళకు దండం పెట్టి, మారప్ప తెల్లవారి పాసింజరులో ధర్మవరం వెళ్ళాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏడవడం ఎలా మొదలుపెట్టాలి? కూర్చొనా, నిలబడా? యాభై ఏళ్ళు దాటిన మనిషి, పరీక్షకు పోయే పిల్లవాడికి మల్లే లోలోపల మాటలు కూర్చుకున్నాడు.

హోటల్లో ఉగ్గాని తింటూ ఏడెనిమిది మంది ఉన్నారు. హనుమంతు తల్లి వెంకటక్క పొయ్యి దగ్గర బజ్జీలు వేస్తోంది. మారప్పను చూడగానే జల్లిగరిటె మూకుట్లోనే వదిలేసి లేచి నిలబడింది.

"ఎందుకొస్తివన్నా? రావద్దని రాయలేదా?"

"బిడ్డను చూసిపోతా వదినా. ఒక్కసారి పిలువు."

"లోపల పండుకోనుండాది. ఆ పిల్లను బతకనీ. వాళ్ళమ్మ గొంతు విని ఇంట్లో దీపం ఆర్పాలంటే భయపడతాండాది."

హనుమంతు మధ్యలోకి వచ్చాడు. మెత్తటి మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేడు. "మామా, ఇప్పుడు కాదు. కొన్ని దినాలు పోనీ," అంటూ మారప్ప భుజం మీద చెయ్యి వేశాడు. ఉగ్గాని తినేవాళ్ళు చేతులాపి చూస్తున్నారు. రేడియో కథ ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఇతనేనా, అని ఒకరు పక్కవాణ్ణి అడిగారు.

మారప్ప బల్ల మీద కూర్చున్నాడు. "నేను ఏడవలేదని కదా మీ బాధ. ఏడుస్తా. నా గురువు ఒప్పుకున్యాడు. అందరూ చూడండి," అన్నాడు.

ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఉలిగిని తలుచుకున్నాడు. ఆమె పచ్చబడిన కళ్ళు, ఎండిన పెదాలు, గోడకానిన తల, అన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. కళ్ళు తడవలేదు. పదకొండు నెలలుగా ఆమె గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపును మింగి పాటెత్తుకున్నవాడు. ఇప్పుడు రమ్మంటే ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది? గట్టిగా మూలిగాడు. ముక్కు చీదాడు. కళ్ళు నులుముకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు కంగారు పడి ఇంకా గట్టిగా ప్రయత్నించాడు. లోపలి నుంచి ఏదో పొంగుకొచ్చింది. వచ్చింది ఏడుపు కాదు, పాట. 'మట్టిల్లు ఇచ్చినోడు' అని సన్నగా, తనకే తెలియకుండా బయటికొచ్చేసింది.

"పాడతాండాడప్పా! చూడండి, ఈడ కూడా పాడతాండాడు!"

బల్లల మీదివాళ్ళు లేచి వెనక్కి జరిగారు. వెంకటక్క కొంగుతో నోరు మూసుకుంది. మారప్ప బిక్కచచ్చి తలెత్తాడు. లోపలి గది గడప మీద పుట్టమ్మ నిలబడి ఉంది. ఎంత చిక్కిపోయిందో. జుట్టు దువ్వుకోలేదు. ఆమె మెల్లగా నడిచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు. నాయన ఒక్క మాట చెబితే నమ్మేద్దామన్న ఆశ ఒక్కటే ఉంది. అది మారప్పకు కూడా కనిపించింది.

"నాయనా, నేను వీళ్ళెవరి మాటా నమ్మను. నువ్వు చెప్పు. ఆ పొద్దు తెల్లారి అమ్మకు ఏమి తాపితివి?"

ఊరంతా కలిసి హంతకుడన్నా చలించనివాడు ఈ ప్రశ్నకు కుప్పకూలిపోయాడు. ఎందుకంటే ఇది రేడియో నేర్పిన ప్రశ్న కాదు. పదకొండు నెలలుగా, గొర్రెల వెనక నడుస్తున్నా, సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటున్నా, అతన్ని లోపలి నుంచి అడుగుతున్న ప్రశ్నే ఇది. పసరు ఎందుకు తాపావు? రెండుసార్లు అడిగి ఎందుకు ఊరుకున్నావు? బస్సు వద్దంటే వీపు మీద మోసుకుపోలేవా? బండి కట్టలేవా? ఆసుపత్రిలో బతికేదేమో. ఆకు పసరు చాల్లే అంటే చాలని నమ్మావు, నీకు నీ మఠమే ఎక్కువైంది. పాట ఎత్తుకున్న ప్రతిసారీ అతను నోరు మూయించింది ఈ గొంతునే. పాట ఉలిగి కోసమని అందరితో అన్నాడు. తనకూ అలాగే చెప్పుకున్నాడు.

ఇప్పుడు అదే ప్రశ్న బిడ్డ నోట్లోంచి వచ్చింది. మారప్ప ముఖం ఒక్కసారిగా చెదిరిపోయింది. కళ్ళలో నీళ్ళు బొటబొటా రాలాయి. బల్ల మీద నుంచి జారి నేల మీద కూలబడ్డాడు. మనిషి మొత్తం కదిలిపోతూ, ఊపిరి అందకుండా ఏడ్చాడు. బిడ్డకు అంతా చెప్పాలనుకున్నాడు. ఆసుపత్రికి తీసుకుపోలేదమ్మా, పసరును నమ్మి కూర్చుంటినమ్మా, తప్పు నాదే, కానీ నువ్వనుకునే తప్పు కాదమ్మా, అని చెప్పాలి. వెక్కిళ్ళ మధ్య ఒక్క మాట బయటపడింది.

"పసరు... పసరమ్మా... పసరే తాపితి..."

వెంకటక్క గోడకు చేరబడి, "అయ్యో దేవుడా, ఒప్పుకునె," అంది. ఎవరో బయటికి పరుగెత్తారు, నలుగురికీ చెప్పడానికి. హనుమంతు పుట్టమ్మ వైపు రెండడుగులు వేసి ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాడు.

పుట్టమ్మ కదలకుండా నాయన ఏడుపు చూసింది. అమ్మ ఒడిలో పడి బతిమాలినప్పుడు రాని కన్నీళ్ళు, ఈ ఒక్క ప్రశ్న అడగ్గానే ఎలా వచ్చాయో చూసింది. ఆమెకు అర్థమైంది ఒక్కటే. మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"తెలిసిపాయె నాయనా," అంది. "ఇంక పో."

మారప్ప చెయ్యి చాచాడు. ఒక్క క్షణం ఏడుపు ఆపుకొని, అది కాదమ్మా అని చెప్పాలని చూశాడు. పదకొండు నెలల ఏడుపు అది, అతను ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.